వకీలు ఫీజు: ప్రభుత్వ పట్టిక నుంచి ప్రైవేటు ఒప్పందం దాకా
న్యాయస్థానాల చరిత్ర – ఏడవ భాగం

సివిలు దావా ఒకటి మొదలై ముగిసేలోగా మూడు రకాల సొమ్ము లెక్కలోకి వస్తుంది. మొదటిది ప్రభుత్వానికి చెందే కోర్టు రుసుము. దావా విలువను బట్టి స్టాంపుల రూపంలో చెల్లించే ఈ సొమ్ముకు 1870 నాటి కోర్టు ఫీజుల చట్టం చాలాకాలం ఆధారంగా నిలిచింది. రెండవది కక్షిదారు తన వకీలుకు ఇచ్చుకునే ఫీజు. మూడవది, తీర్పు వెలువడిన తరువాత గెలిచిన పక్షానికి ఓడిన పక్షం ఖర్చుల కింద చెల్లించవలసిన వకీలు ఫీజు. దీన్ని న్యాయస్థానం ఒక పట్టిక ప్రకారం లెక్కగట్టి డిక్రీలో చేరుస్తుంది. గెలిచిన కక్షిదారుకు డిక్రీలో కనిపించే వకీలు ఫీజుకూ, అతడు నిజంగా ఇచ్చుకున్న ఫీజుకూ పొంతన లేకపోవడం నేడు ఎవరినీ ఆశ్చర్యపరచదు. అయితే ఈస్టిండియా కంపెనీ న్యాయస్థానాల తొలి అర్ధశతాబ్దిలో ఈ రెండవ, మూడవ సొమ్ములు రెండూ ఒకటే. అవి విడిపోయిన తీరు, ఆ విడిపోవడంలో కక్షిదారు పోగొట్టుకున్న రక్షణ ఈ భాగంలో విచారించవలసిన విషయాలు.

1793లో గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ ప్రభుత్వం బెంగాల్‌లో ప్రకటించిన రెగ్యులేషన్లలో ఏడవది వకీళ్లను గురించినది. అంతకుముందు కక్షిదారుల పక్షాన అదాలతుల్లో నిలబడినవారిలో బంధువులు, నౌకర్లు, జమీందారుల తాబేదారులు ఎక్కువగా ఉండేవారు. వారికి శాస్త్ర పరిజ్ఞానం ఉండాలన్న నియమం గాని, వారు పుచ్చుకునే పైకానికి ఒక హద్దు గాని లేదు. కొత్త రెగ్యులేషన్ ప్రకారం సదర్ దివానీ అదాలతు, అంటే కంపెనీ ప్రాంతపు అత్యున్నత సివిలు న్యాయస్థానం, హిందువుల నుంచి, ముస్లింల నుంచి తగినవారిని ఎంచి సన్నదు, అంటే అధికార పత్రం, ఇచ్చి, ఒక్కొక్క న్యాయస్థానానికి వకీళ్లుగా నియమించేది. వకీలును తన వైపు ఖాయం చేసుకోవడానికి కక్షిదారు తొలుత ఇవ్వవలసింది నాలుగు అణాలు. అసలు ఫీజు దావా విలువపై శాతంగా లెక్కకు వచ్చి, వ్యాజ్యం తేలిన తరువాత చేతికి అందేది. నిర్ణీత ఫీజుకు మించి డబ్బు గాని, వస్తువు గాని, మరే రూపంలోనైనా లాభం గాని పుచ్చుకున్న వకీలును తొలగించే అధికారం న్యాయస్థానానికి ఉండేది.

ఇక్కడ ఫీజు అంకె కంటే దాన్ని చెల్లించే సమయం ముఖ్యం. రోజుకింత చొప్పున కూలి గిట్టుబాటయ్యే ప్రతినిధికి వాయిదా మీద వాయిదా పడటంలో నష్టం లేదు. వ్యాజ్యం తేలితే తప్ప సొమ్ము రాదన్నప్పుడు మాత్రం వ్యాజ్యం త్వరగా తేలడంలో అతడి స్వార్థం కూడా కలుస్తుంది. గెలుపోటములతో ప్రమేయం లేకుండా తీర్పుతో ముడిపడిన ఈ పద్ధతిలో, గెలిస్తేనే ఫీజు అనే షరతు కలిగించే ప్రలోభం లేదు. నాటి శాసనకర్తల వలస ప్రయోజనాలను ఎంత విమర్శించినా, ఈ ఒక్క ఏర్పాటులోని దూరదృష్టిని ఒప్పుకోక తప్పదు.

ఈ పట్టిక పూర్తి రూపం 1814 నాటి బెంగాల్ 27వ రెగ్యులేషన్‌లో కనిపిస్తుంది. దాని ప్రకారం దావా విలువలో మొదటి 5,000 రూపాయల మీద నూటికి 5, అక్కడి నుంచి 20,000 వరకు ఉన్న భాగం మీద నూటికి 2, అటుపై 50,000 వరకు నూటికి 1, ఆపైన 80,000 వరకు నూటికి అర్ధ రూపాయి చొప్పున ఫీజు లెక్క కట్టేవారు. 80,000 దాటిన దావా ఎంత పెద్దదైనా ఫీజు 1,000 రూపాయలే. నాలుగు అంతస్తుల మొత్తాలను కూడితే వరుసగా 250, 300, 300, 150 కలిసి సరిగ్గా 1,000 రూపాయలవుతాయి గనుక, పట్టిక కూర్చినవారు ఆ గరిష్ఠ పరిమితిని ముందే మనసులో పెట్టుకొని శాతాలను దించుకుంటూ వచ్చారని ఊహించవచ్చు. 10,000 రూపాయల దావాకు 350 రూపాయలు, లక్ష రూపాయల జమీందారీ దావాకు 1,000 రూపాయలు వకీలు ఫీజు. విలువ పదింతలైనా ఫీజు మూడింతలు కావడం లేదన్నమాట.

విలువ పెరిగినకొద్దీ శాతం తగ్గించే ఈ ఆలోచన సంస్కృత గ్రంథమైన శుక్రనీతిలోనూ ఉంది. వాది తరఫున వ్యవహారం నడిపే నియోగికి వివాదాస్పద ధనంలో పదహారో వంతు భృతిగా ఇవ్వాలనీ, ధనం ఎక్కువైనకొద్దీ అది ఇరవయ్యో వంతు, నలభయ్యో వంతు, ఎనభయ్యో వంతు, చివరకు నూట అరవయ్యో వంతు వరకు తగ్గుతుందనీ ఆ గ్రంథం చెబుతుంది. దీన్నిబట్టి కంపెనీ పట్టికకు ప్రాచీన భారతీయ మూలం ఉందని తేల్చడం తొందరపాటు అవుతుంది. శుక్రనీతి రచనాకాలంపై పండితులకు ఏకాభిప్రాయం లేదు. ఇప్పుడు దొరుకుతున్న పాఠం 19వ శతాబ్దంలో, కంపెనీ పాలనా పద్ధతులు ఎరిగినవారి చేతిలో రూపుదిద్దుకున్నదని వాదించినవారు కూడా ఉన్నారు. ఆ వాదమే నిజమైతే ప్రభావం నడిచిన దిశ తలకిందులవుతుంది.

మద్రాసు ప్రెసిడెన్సీ బెంగాల్ బాటలోనే నడిచింది. ఇక్కడ 1802 నాటి 10వ రెగ్యులేషన్ వకీళ్ల నియామకానికి, 1816 నాటి 14వ రెగ్యులేషన్ ఆ నిబంధనల సవరణకు, క్రోడీకరణకు ఉద్దేశించినవి. ఉత్తర సర్కారుల్లోని జిల్లా అదాలతుల మీద అప్పీళ్లు మచిలీపట్నంలోని ప్రొవిన్షియల్ కోర్టుకు, అక్కడి నుంచి మద్రాసులోని సదర్ అదాలతుకు వెళ్లేవి. జమీందారీ వారసత్వం, దత్తత చెల్లుబాటు, అవిభాజ్య సంస్థానాల్లో తమ్ముళ్ల భరణం వంటి తగాదాలు తరాల తరబడి సాగిన ఆ ప్రాంతంలో 1,000 రూపాయల గరిష్ఠ ఫీజు నియమం ఎంతటి ఒత్తిడికి లోనై ఉంటుందో ఊహించడం కష్టం కాదు. సంస్థానం దక్కుతుందా లేదా అన్న వ్యాజ్యంలో పేరున్న వకీలును తన వైపు తిప్పుకోవడానికి జమీందారు ఎంత ఇవ్వడానికైనా సిద్ధపడతాడు. పుచ్చుకుంటే సన్నదు పోతుందన్న భయం తప్ప వకీలును ఆపేది మరొకటి లేదు. బహిరంగంగా ఇవ్వడానికి వీల్లేని చోట రహస్యంగా ఇచ్చే మార్గాలు పుట్టుకొస్తాయి. పట్టికలోని న్యాయబుద్ధి ఎంత గొప్పదైనా, వకీళ్ల శ్రమలో, నైపుణ్యంలో ఉండే తేడాను గుర్తించే వీలు అందులో లేదన్నది నిజం. అతి సామాన్యుడికీ, అఖండ మేధావికీ ఒకే దావాపై ఒకే ఫీజు.

ఈ ఇరకాటానికి సమాధానంగా వచ్చినది 1846 నాటి మొదటి చట్టం. సత్ప్రవర్తన, అర్హత ఉన్న ఎవరైనా, ఏ మతస్థులైనా, ఏ దేశస్థులైనా ప్లీడరు కావచ్చునని ప్రకటించి వృత్తి ద్వారాలు తెరిచిన చట్టంగా దానికి మంచి పేరు ఉంది. ఫీజుల విషయంలో అది తెచ్చిన మార్పు మీద మాత్రం పడవలసినంత వెలుగు పడలేదు. కక్షిదారు, ప్లీడరు తమలో తాము ప్రైవేటు ఒప్పందం చేసుకొని ఫీజు ఎంతైనా నిర్ణయించుకోవచ్చునని అనుమతిస్తూనే, ఓడిన పక్షం చెల్లించవలసిన ఖర్చులను మాత్రం పాత రెగ్యులేషన్ల పట్టిక ప్రకారమే లెక్క కట్టాలని ఆ చట్టం నిర్దేశించింది. సొమ్ము రెండుగా చీలినది ఇక్కడే. అంతవరకు గెలిచిన కక్షిదారు తాను వకీలుకు ఇచ్చిన సొమ్మంతా ప్రతిపక్షం నుంచి రాబట్టుకోగలిగేవాడు. ఇకపై పట్టికకు మించి ఇచ్చినదంతా, గెలిచినా ఓడినా, అతడి సొంత భారమే. న్యాయం తన పక్షాన ఉందని న్యాయస్థానమే తేల్చిన మనిషి ఆ న్యాయం కోసం నష్టపడటం ఒక చట్టబద్ధమైన సాధారణ స్థితిగా మారింది.

1862 ఆగస్టు 15న మద్రాసు హైకోర్టు ప్రారంభమైనప్పుడు ఫీజులకు సంబంధించిన రెండు భిన్న సంప్రదాయాలు ఒకే కప్పు కిందికి చేరాయి. సదర్ అదాలతు నుంచి వచ్చిన వకీళ్లది ఒప్పందపు సంప్రదాయం. సుప్రీం కోర్టు అని అప్పట్లో పిలిచిన రాచరికపు న్యాయస్థానం నుంచి వచ్చిన బారిస్టర్లది ఇంగ్లండు సంప్రదాయం. ఇంగ్లండు పద్ధతిలో కక్షిదారు నేరుగా బారిస్టరు వద్దకు వెళ్లేవాడు కాదు. కాగితాలు సిద్ధం చేసే అటార్నీని కుదుర్చుకుంటే, ఆ అటార్నీ వ్యాజ్యపు సారాంశంతో కూడిన కట్టను, అంటే బ్రీఫును, బారిస్టరుకు అందజేసేవాడు. ఫీజు కూడా అటార్నీ ద్వారానే ముట్టేది. కలకత్తా, బొంబాయి హైకోర్టుల్లో ఈ ఫీజును రూపాయల్లో కాక బంగారు మొహరీల లెక్కన చెప్పుకోవడం చాలాకాలం ఆచారంగా ఉండేది. ఆ సొమ్ము కూలి కాదని, కృతజ్ఞతతో ఇచ్చే గౌరవ పారితోషికమని భావించేవారు గనుక దానికోసం బారిస్టరు దావా వేయడానికి వీలుండేది కాదు.

ఈ నియమం ఎంత కఠినమైనదో 1863లో ఇంగ్లండులో వెలువడిన కెన్నెడీ–బ్రౌన్ తీర్పు చూపించింది. మామగారి వీలునామా ద్వారా స్విన్‌ఫెన్ ఎస్టేటు పొందిన పేషెన్స్ స్విన్‌ఫెన్ అనే వితంతువుపై, ఆ వీలునామా చెల్లదంటూ మరో వారసుడు దావా వేశాడు. 1856లో ఆమె బారిస్టరు, తరువాత లార్డ్ చెమ్స్‌ఫర్డ్‌గా ప్రసిద్ధుడైన ఫ్రెడరిక్ థెసిజర్, ఆమె సమ్మతి లేకుండానే ఎస్టేటును వదులుకునేలా రాజీ కుదిర్చాడు. ఆమె దానికి కట్టుబడ నిరాకరించి, చార్లెస్ రాన్ కెన్నెడీ అనే మరో బారిస్టరును ఆశ్రయించింది. కెన్నెడీ తన ఇతర వృత్తిని దాదాపు పక్కనపెట్టి ఏళ్ల తరబడి ఆ వ్యాజ్యమే నడిపి, చివరకు ఎస్టేటు ఆమెకు దక్కేలా చేశాడు. గెలిస్తే 20,000 పౌన్లు ఇస్తానని ఆమె మాట ఇచ్చిందని అతడి వాదన. ఆమె బ్రౌన్ అనే వ్యక్తిని వివాహమాడిన తరువాత ఆ సొమ్ము రాకపోవడంతో కెన్నెడీ దావా వేశాడు. జ్యూరీ అతడి మాటే నమ్మి 20,000 పౌన్లు ఇప్పించింది. ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ అధ్యక్షతన కోర్ట్ ఆఫ్ కామన్ ప్లీస్ మాత్రం ఆ విజయాన్ని తుడిచివేసింది. వ్యాజ్యం నడిపే విషయంలో బారిస్టరుకు, కక్షిదారుకు మధ్య ఫీజు గురించిన ఏ ఒప్పందమూ చట్టం దృష్టిలో పుట్టదని, మాట ఇచ్చినా అది చెల్లదని ఆ న్యాయస్థానం తేల్చింది.

ఆ సిద్ధాంతానికి మరో అంచు ఉంది. ఒప్పందమే లేనప్పుడు, వ్యాజ్యం నడపడంలో నిర్లక్ష్యం చేసిన బారిస్టరు మీద కక్షిదారు నష్టపరిహారం కోరడానికీ ఆధారం ఉండేది కాదు. పేషెన్స్ స్విన్‌ఫెన్ తన అనుమతి లేకుండా రాజీ చేసిన థెసిజర్ మీద వేసిన దావా 1860లో ఓడిపోయింది. గౌరవ పారితోషికం అనే భావన వృత్తి ఔన్నత్యానికి చిహ్నమని బారిస్టర్లు చెప్పుకున్నా, ఆ ఔన్నత్యానికి మూల్యం చెల్లించినది ఎక్కువగా కక్షిదార్లే.

మద్రాసులో ఈ రెండు సంప్రదాయాల మధ్య గోడ కలకత్తాలో ఉన్నంత ఎత్తుగా నిలవలేదు. అప్పీలు విభాగానికే పరిమితమైన వకీళ్లకు, నగర వ్యాజ్యాలను నేరుగా విచారించే ఒరిజినల్ విభాగంలోనూ హాజరయ్యే అవకాశం మద్రాసు హైకోర్టు 1866లోనే కల్పించింది. కాగితాలు తయారు చేసేవాడూ వకీలే, వాదించేవాడూ వకీలే కావడంతో, అటార్నీకి ఒక ఫీజు, బారిస్టరుకు మరో ఫీజు అన్న రెట్టింపు భారం తప్పించుకునే దారి కక్షిదారుకు దొరికింది. దక్షిణాదిన దేశీయ వకీళ్లు అంత వేగంగా ఎదగడానికి వారి పాండిత్యంతో పాటు ఈ ఆదా కూడా కారణమని భావించవచ్చు.

1846లో కట్లు తెంచిన ప్రైవేటు ఒప్పందానికి తిరిగి కొంత కళ్లెం వేసినది 1879 నాటి లీగల్ ప్రాక్టీషనర్ల చట్టం. ఈ ధారావాహికలో ప్రస్తావనకు వచ్చిన చట్టాలన్నింటిలో కక్షిదారు బలహీనతను బాగా గుర్తెరిగిన చట్టం ఇదే. దాని 27వ సెక్షన్ ఓడిన పక్షం చెల్లించవలసిన ఫీజుల పట్టికను నిర్ణయించే బాధ్యతను హైకోర్టులకు అప్పగించింది. 28వ సెక్షన్ ప్రకారం ప్లీడరు గాని, ముక్త్యారు గాని, రెవెన్యూ ఏజెంటు గాని కక్షిదారుతో చేసుకునే ఫీజు ఒప్పందం రాతపూర్వకంగా ఉండి, దానిపై కక్షిదారు సంతకం ఉండి, రాసిన 15 రోజుల్లోగా జిల్లా కోర్టులో గాని ఆ వ్యాజ్యంతో సంబంధం ఉన్న కోర్టులో గాని దాఖలైతేనే చెల్లేది. ఆ ఒప్పందం ఆధారంగా దావా పడినప్పుడు, అది న్యాయమైనదని, సమంజసమైనదని రుజువు కాకపోతే న్యాయస్థానం ఆ మొత్తాన్ని తగ్గించగలిగేది, లేదా ఒప్పందాన్నే రద్దు చేయగలిగేది. ముక్త్యారు అంటే కక్షిదారు ప్రతినిధిగా వ్యవహారం నడిపే తక్కువ తరగతి వృత్తిదారు; రెవెన్యూ ఏజెంటు భూమిశిస్తు కార్యాలయాల్లో ఆ పనే చేసేవాడు. బారిస్టర్లు ఈ నిబంధన పరిధిలోకి రాలేదు. రైతు కలిసేది మాత్రం జిల్లా కేంద్రంలోని ప్లీడరును, మునసబు కోర్టు ముందు తిరిగే ముక్త్యారును కాబట్టి, అవసరమైన చోటనే రక్షణ అమరిందని చెప్పాలి.

ఫీజు సమస్యలో దళారుల పాత్రను కూడా ప్రభుత్వం త్వరలోనే గుర్తించింది. ప్రతిఫలం తీసుకొని కక్షిదార్లను ప్లీడర్లకు చేరవేసేవారి జాబితాలు ప్రకటించి, వారిని కోర్టు ఆవరణలోకి రాకుండా నిషేధించే అధికారం 1896 సవరణతో న్యాయస్థానాలకు వచ్చింది. ఆ మరుసటి ఏడాదే, 1897లో, గురజాడ అప్పారావు కన్యాశుల్కం తొలి కూర్పు వెలువడింది. వ్యాజ్యాలు పురిగొల్పి వాటి మీద బతికే రామప్పంతులును, పరుల కష్టానికి కరిగే వకీలు సౌజన్యారావు పంతులును ఒకే నాటకంలో చిత్రించిన గురజాడ, ఆనాటి తెలుగు జిల్లాల్లో కోర్టు చుట్టూ అల్లుకున్న లోకం రెండు అంచులనూ చూపించాడు.

ప్లీడర్లలోని తరగతుల ప్రకారం రాబడిలో తేడా ఎంత ఉండేదో టంగుటూరి ప్రకాశం జీవితం చూపిస్తుంది. రాజమహేంద్రవరంలో రెండవ తరగతి ప్లీడరుగా పేరు, సంపాదన గడించినా పై న్యాయస్థానాల్లో వాదించే అర్హత లేకపోవడంతో ఆయన ఇంగ్లండు వెళ్లి బారిస్టరై 1907లో తిరిగివచ్చి, మద్రాసులో భారీగా ఆర్జించాడు. 1921లో ఆ వృత్తినే వదిలి జాతీయోద్యమంలోకి నడిచాడు. గుంటూరు వకీలు కొండా వెంకటప్పయ్య కూడా వృత్తిని త్యజించినవారే. సహాయ నిరాకరణ పిలుపు మేరకు కోర్టులు విడిచిన ఈ వకీళ్లు వదులుకున్న రాబడిని తలచుకుంటే, వారి త్యాగాన్ని ఒక నినాదంగా కాక నిత్యజీవితపు లెక్కల్లో గ్రహించగలుగుతాము.

వ్యాజ్యానికి పెట్టుబడి పెట్టి, గెలిస్తే ఆస్తిలో వాటా పుచ్చుకునే ఒప్పందాల సంగతి వేరు. ఇంగ్లండులో ఇవి అప్పట్లో చట్టవిరుద్ధం. 1876లో రామ్‌కుమార్ కుందూ వ్యాజ్యంలో, భారత వ్యాజ్యాలకు నాటి అంతిమ అప్పీలు న్యాయస్థానమైన ప్రివీ కౌన్సిల్, ఇంగ్లండు నిషేధం భారతదేశానికి యథాతథంగా వర్తించదని, పేదవాడి న్యాయమైన హక్కు సాధనకు సాయపడే సక్రమమైన ఒప్పందం తప్పు కాదని, దోపిడీ స్వభావం గలవాటిని మాత్రం అమలు చేయరాదని చెప్పింది. ఈ వెసులుబాటు వడ్డీ వ్యాపారికీ బంధువుకూ గాని వకీలుకు లేదు. కక్షిదారు ఆస్తిలో వాటాదారైన వకీలు న్యాయస్థానానికి నిష్పాక్షిక సహాయకుడుగా ఉండలేడన్న సూత్రాన్ని హైకోర్టులు నిలబెట్టాయి. 1954లో సుప్రీం కోర్టు కూడా అటువంటి ఒప్పందాన్ని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా పరిగణించింది.

1926 లీగల్ ప్రాక్టీషనర్ల ఫీజుల చట్టంతో రెండు సంప్రదాయాలు ఒకటయ్యాయి. బారిస్టరైనా, వకీలైనా, ప్లీడరైనా ప్రైవేటు ఒప్పందంతో ఫీజు నిర్ణయించుకోవచ్చు, దానికోసం దావా వేయవచ్చు. నిర్లక్ష్యం చేస్తే కేవలం న్యాయవాది అయినందువల్ల బాధ్యత నుంచి తప్పించుకోలేడు. బారిస్టరు కవచం ఛేదించిన ఈ సమానత్వం ఆహ్వానించదగినదే. అయితే అదే చట్టంతో 1879 నాటి లిఖిత ఒప్పందపు నిబంధన, 15 రోజుల దాఖలు నిబంధన అంతరించాయి. బలవంతులైన బారిస్టర్లను సామాన్య ఒప్పందాల చట్టం కిందికి దించే పనిలో, బలహీనులైన కక్షిదార్లకు ఉన్న ప్రత్యేక రక్షణను కూడా తీసివేయవలసిన అవసరం ఏమీ లేదు. ఒప్పందం ఇద్దరు సమానుల మధ్య జరుగుతుందన్న భావన జమీందారు విషయంలో నిజం కావచ్చు. చదువురాని రైతుకు, అతడి ప్లీడరుకు మధ్య అది నిజం కాదు.

స్వాతంత్ర్యానంతరం 1961 అడ్వొకేట్ల చట్టం తరగతులన్నింటినీ కలిపి న్యాయవాదులందరినీ ఒకే శ్రేణిలోకి తెచ్చింది. ఆ చట్టం కింద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చేసిన నియమాల్లో 20వది, వ్యాజ్య ఫలితంపై ఆధారపడిన ఫీజును, రాబడిలో వాటాను నిషేధిస్తుంది. ఫీజు బాకీ ఉందన్న కారణంతో కక్షిదారు కాగితాలను న్యాయవాది అట్టిపెట్టుకోరాదని సుప్రీం కోర్టు 2000లో ఆర్.డి. సక్సేనా వ్యాజ్యంలో తీర్పు చెప్పింది. బాకీ ఉంటే దావా వేసి రాబట్టుకోవాలే తప్ప, కట్ట చేతికి ఇవ్వకుండా కక్షిదారు మరో న్యాయవాది వద్దకు వెళ్లే హక్కును అడ్డుకోకూడదు.

తెలంగాణ నుంచి వెళ్లిన ఒక వ్యాజ్యంలో సుప్రీం కోర్టు 2017 డిసెంబరు 5న ఈ చరిత్రనంతా తిరిగి స్పృశించింది. రోడ్డు ప్రమాదంలో భర్తను కోల్పోయిన ఒక మహిళకు లభించిన నష్టపరిహారం నుంచి శాతం లెక్కన ఫీజు కోరిన న్యాయవాది, ఆమె వద్ద తీసుకున్న చెక్కు చెల్లలేదంటూ క్రిమినలు కేసు పెట్టాడు. డిక్రీ మొత్తంపై శాతంగా కోరే ఫీజు ప్రజాహితానికి విరుద్ధమని, అటువంటి బాకీ చట్టబద్ధమైన బాకీ కాదని చెప్పి జస్టిస్ ఆదర్శ్ కుమార్ గోయెల్, జస్టిస్ ఉదయ్ ఉమేష్ లలిత్‌ల ధర్మాసనం ఆ కేసును కొట్టివేసింది. న్యాయవృత్తి ప్రమాణాలను, ఫీజులను నియంత్రించే తగిన చట్టపరమైన యంత్రాంగం అవసరాన్ని కూడా అది ప్రభుత్వం దృష్టికి తెచ్చింది. కక్షిదారు సంతకంతో కూడిన కాగితం, దాన్ని దాఖలు చేయడానికి గడువు, సమంజసం కాని మొత్తాన్ని తగ్గించే అధికారం గల న్యాయస్థానం – ఇవన్నీ 1879 నుంచి 1926 వరకు ఈ దేశపు చట్టంలో ఉన్నవే.